సంతకాల తేదీలను పట్టించుకున్న న్యాయ సలహా

దాత వీర్యంతో ఐవీఎఫ్ (శరీరం బయట పిండాన్ని రూపొందించే) చికిత్సకు సిద్ధపడినప్పుడు, పుట్టబోయే బిడ్డకు చట్టం దృష్టిలో తల్లిదండ్రులు ఎవరన్నది తేల్చుకోవడానికి మేము కుటుంబ చట్టాలు తెలిసిన ఒక న్యాయవాది సలహాను రెండు విడతలుగా తీసుకున్నాం. ఆ సేవ గురించి, దానిలోని లోటుతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

మొదటి విడతలో ఆమె జన్యువుల ఊసెత్తలేదు. ఏ కాగితం మీద, ఎవరెవరు, ఏ రోజున సంతకం చేశారని అడిగి, ఆసుపత్రి ఇచ్చిన అంగీకార పత్రాలను ఒక్కొక్క పేజీ తిప్పి చదివారు. నా భర్త సంతకం చేసిన పేజీలో తేదీ గడి ఖాళీగా ఉంది. తేదీ తరువాత వేసుకోవచ్చని ఆసుపత్రి సిబ్బంది చెప్పినప్పుడు మేమూ తలూపాం. అది ఎంత ప్రమాదమో వివరించడానికి ఆమె 2015లో ఇంగ్లండ్ హైకోర్టులో న్యాయమూర్తి సర్ జేమ్స్ మన్బీ ఇచ్చిన తీర్పును చెప్పారు. అక్కడ వివాహం కాని జంటలో బిడ్డను మోయని భాగస్వామికి తల్లిదండ్రుల హోదా రావాలంటే చికిత్సకు ముందే ఇద్దరూ లిఖితపూర్వకంగా అంగీకరించి ఉండాలి. కానీ కొన్ని సంతాన సాఫల్య కేంద్రాలలో ఆ పత్రాలు కనబడకుండా పోవడం వల్లనో, సరిగా నింపకపోవడం వల్లనో, ప్రేమగా బిడ్డను పెంచుకుంటున్నవారు తామే తల్లిదండ్రులమని ప్రకటించమని కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టడానికి ముందే ఆ పత్రాన్ని మళ్లీ రాయించి, నకలు మా చేతికి ఇప్పించేదాకా ఆమె ఆసుపత్రిని వదలలేదు. ఈ సేవకు నేను ఇచ్చే విలువంతా ఇక్కడే ఉంది.

సరిహద్దు దాటితే హోదా మారవచ్చన్న విషయాన్ని కూడా ఆమె ఓపికగా చెప్పారు. సంతాన సాఫల్య చికిత్సలపై బ్రిటన్ 2008లో చేసిన చట్టం ప్రకారం అండం ఎవరిదైనా బిడ్డను మోసి కన్న స్త్రీయే తల్లి. అద్దెగర్భం కోరినవారు తమను తల్లిదండ్రులుగా గుర్తించే కోర్టు ఉత్తర్వును ఆ తరువాత తెచ్చుకోవాలి, దానికి కన్న తల్లి ఇచ్చే సమ్మతి ప్రసవమైన 6 వారాలలోపుదైతే చెల్లదు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మాత్రం 1993లో, అండం ఒకరిది, గర్భం మరొకరిది అయినప్పుడు బిడ్డను కని పెంచుకోవాలన్న సంకల్పం ఎవరిదో వారే తల్లి అని తేల్చింది. ఇలాంటి చికిత్సలపై భారతదేశం 2021లో చేసిన చట్టం, దాత సహాయంతో పుట్టిన బిడ్డను చికిత్స కోరిన దంపతుల సొంత బిడ్డగానే పరిగణిస్తూ, దాతకు ఏ హక్కూ లేకుండా చేసింది. ఒకే విధంగా పుట్టిన బిడ్డకు ఇన్ని రకాల జవాబులు ఉన్నాయని తెలిశాక, మరో దేశంలో చికిత్స చేయించుకునే ఆలోచనను మేము మానుకున్నాం.

రెండో విడత నన్ను నిరాశపరిచింది. దాత ఎవరో తెలుసుకునే హక్కు పెద్దయ్యాక బిడ్డకు ఉంటుందా అన్న మా ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబిచ్చారు, ప్రసవానికి ముందే మాలో ఒకరు మరణిస్తే వారసత్వం ఏమవుతుందన్నది చర్చకే రాలేదు. తరువాత పంపిన లిఖిత సారాంశం కూడా సెక్షన్ల సంఖ్యలతో నిండి, మరొకరు విడమరచి చెబితే తప్ప అర్థం కాని భాషలో ఉంది.

అయినా, దాత సహాయంతో సంతానం కోరేవారికి ఈ సేవను సిఫారసు చేస్తాను. అయితే రెండు విడతలూ పిండ బదిలీకి ముందే పూర్తయ్యేలా చూసుకోండి, వారసత్వం, దాత వివరాల గురించిన ప్రశ్నలను ముందుగానే రాసి పంపండి.