పెద్దవయసులో లోతుగా కాలితే: ఆపరేషనా, కట్లతో మానిపించడమా - ఏది మేలు?

"ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు డాక్టరుగారూ, కట్లు కట్టి మానిపించలేమా?" కాలిన గాయాలతో ఇంట్లో పెద్దవాళ్లను ఆసుపత్రిలో చేర్చిన ప్రతివాళ్లూ అడిగే మాటే. ఆపరేషన్ అంటే ప్రమాదం, కట్లంటే క్షేమం అనే నమ్మకం ఆ మాట వెనక ఉంది. అది సగమే నిజం.

ముందు లోతు తేలాలి. ఎర్రగా, తడిగా ఉండి, తాకితే భగ్గుమనే గాయం రెండు మూడు వారాల్లో మానే అవకాశం ఉంది. దానికి ఆపరేషన్ అక్కర్లేదు. తెల్లబడి, తోలులా బిగుసుకుని, నొప్పే తెలియని చోట చర్మం పూర్తి మందాన కాలినట్టు. అలాంటిది అంచుల నుంచి మాత్రమే పూడుతుంది, పెద్దదైతే నెలలు పడుతుంది. వయసుతో చర్మం పలచబడుతుంది కాబట్టి, పడుచువాళ్లకు బొబ్బతో పోయే వేడినీళ్లే పెద్దవాళ్లను లోతుగా కాలుస్తాయి. మొదటిరోజు పైపైన కనిపించిన గాయం రెండు మూడు రోజుల్లో లోతుకు దిగడం కూడా మామూలే.

కాలిన చర్మాన్ని తొలిరోజుల్లోనే పొరలుపొరలుగా చెక్కి, వెంటనే వేరేచోటి చర్మం అతికించే పద్ధతికి స్లొవేనియా సర్జన్ జోరా యాంజెకోవిచ్ 1970లో ప్రచురించిన వ్యాసంతో పేరొచ్చింది. చచ్చిన చర్మంలో సూక్ష్మజీవులు స్థిరపడకముందే దాన్ని తీసేయడమే ఇందులోని బలం. ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు కూడా తగ్గుతాయి. అయితే పెద్దవాళ్ల విషయంలో లెక్క మారుతుంది. చెక్కేటప్పుడు రక్తం బాగా పోతుంది, మత్తు భారం గుండె మీద పడుతుంది. ఇంటివాళ్లకు ఎవరూ సరిగా చెప్పనిది ఇంకొకటుంది: తొడ మీద నుంచి చర్మం తీసిన చోటు కూడా ఒక గాయమే. వయసు తక్కువవాళ్లలో దాదాపు రెండు వారాల్లో మానే ఆ చోటు, పలచటి చర్మం మీద చాలాకాలం మానకుండా సతాయించవచ్చు.

అయితే కట్లే నయమా? కట్లు మార్చిన ప్రతిసారీ నొప్పి. నొప్పికి ఇచ్చే గట్టి మందులతో తికమక, మలబద్ధకం. వారాల తరబడి మంచం మీదే ఉంటే కండ కరుగుతుంది, న్యుమోనియా, మంచపుండ్లు వస్తాయి. వీటన్నిటికీ తోడు, చచ్చిన చర్మం ఒంటి మీద ఉన్నంతకాలం ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకే భయం ఉంటుంది. ఆపరేషన్ ప్రమాదం ఒక్కరోజులో కళ్లకు కడుతుంది, కట్ల ప్రమాదం రోజూ కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. అందుకే మనం దాన్ని తక్కువగా లెక్కిస్తాం.

కట్లే ఖాయమైతే, ఏ కట్టన్నదీ ముఖ్యమే. 1960ల చివర్లో వచ్చిన సిల్వర్ సల్ఫాడయజీన్ పూతను రోజూ మార్చాలి, పైన తెట్టు కట్టి గాయం లోతును కనిపించనివ్వదు. కొన్నిరోజులు అలాగే ఉంచగల, వెండి కలిపిన స్పాంజిలాంటి ఫోమ్ డ్రెస్సింగులు పెద్దవాళ్లకు ఎంతో ఊరట.

మధ్యేమార్గం ఒకటుంది. అనాస కాండం నుంచి తీసే ఎంజైముల మందు నాలుగు గంటల్లో చచ్చిన చర్మాన్ని కరిగించి, బతికున్న పొరను చాలావరకు మిగులుస్తుంది. యూరప్‌లో 2012లో, అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. మంచం దగ్గరే వాడొచ్చు. మంట ఎక్కువ కాబట్టి నొప్పి తెలియకుండా ముందే ఏర్పాటు చేయాలి. అన్నిచోట్లా మాత్రం దొరకదు.

నన్నడిగితే, గాయం లోతైనదై, ఒంట్లో పదో వంతులోపే ఉండి, కాలకముందు ఆ మనిషి తన పనులు తాను చేసుకునేవారైతే, గుండె, ఊపిరితిత్తులు చూసుకుని మొదటి వారంలోనే ఆపరేషన్ మేలు. ఎక్కువ చోటుంటే విడతలుగా చేయాలి. లోతు తేలని వేడినీళ్ల గాయమైతే పది పద్నాలుగు రోజులు ఆగడమే మంచిది. వయసుకు కాలిన శాతం కలిపే బో స్కోరు 1961 నుంచి ఉంది: 75 ఏళ్లు, 20 శాతం అంటే 95, పొగ పీల్చి ఉంటే, తర్వాత సవరించిన లెక్క ప్రకారం ఇంకో 17. అంకె పెరిగేకొద్దీ గండం పెరుగుతుంది. కానీ ఎనభైలో చకచకా నడిచే మనిషికీ, అరవై ఎనిమిదికే మంచం పట్టిన మనిషికీ తేడా ఆ అంకె చూడలేదు.

ఒళ్లు చాలావరకు లోతుగా కాలిపోయి, ముందునుంచే బలహీనంగా ఉన్నవాళ్లకు ఆపరేషన్, కట్లు రెండూ మేలు చేయకపోవచ్చు. అప్పుడు నొప్పి లేకుండా చూడటమే వైద్యం. మాట్లాడే స్థితిలో ఉంటే ఆ నిర్ణయం వాళ్లనే అడగాలి, మొదటి గంటల్లోనే అడగాలి. ఊపిరికి గొట్టం వేశాక ఆ అవకాశం ఉండదు.