మూడు రాత్రులు టెంటులో, ఒక రాత్రి గదిలో: ఫిలిప్ ఐలండ్ మోటో జీపీ యాత్ర

దసరా నవరాత్రులలో ఇల్లు వదిలి బైకుల పందేలకు బయలుదేరడం మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. అయితే 2023లో ప్రపంచ బైకు పందేలలో పైతరగతి అయిన మోటో జీపీ ఆస్ట్రేలియాలో అక్టోబరు 20 నుంచి 22 వరకు పడింది, ఆ తేదీలు మన పంచాంగం చూసి నిర్ణయించినవి కావు. పైగా హైదరాబాదు నుంచి ఆఫీసు పని మీద మెల్‌బోర్న్ వచ్చిన నా పాత మిత్రుడు, అంతకు నెల క్రితమే గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన తొలి భారత్ గ్రాండ్ ప్రీ చూసి వచ్చి, ఆ ఉత్సాహంలోనే ఉన్నాడు. అక్కడి ఎండకు తట్టుకోలేక ప్రధాన పందేన్ని 24 చుట్ల నుంచి 21కి తగ్గించారని, అక్కడ తాను హోటలు గదికీ సర్క్యూట్‌కీ మధ్య తిరగడంతోనే సగం రోజు గడిపేశానని చెప్పి, ఈసారి ట్రాక్ పక్కనే పడుకోవాలని పట్టుబట్టాడు.

బస విషయంలో మాకు కనిపించిన దారులు మూడు. మొదటిది, పందేలు జరిగే ఫిలిప్ ఐలండ్ ద్వీపంలో ఉత్తరపు ఒడ్డున ఉన్న కౌస్ పట్టణంలో గది తీసుకోవడం. దుకాణాలు, కాఫీ హోటళ్లు, పియర్ అన్నీ అక్కడే ఉన్నాయి. కానీ పందేల వారాంతంలో మేము అడిగిన ప్రతిచోటా కనీసం మూడు రాత్రులు తీసుకోవాలన్నారు, ఒకచోట చెప్పిన ధర మామూలు వారాంతానికి మూడింతలు ఉంది. రెండవది, వంతెనకు ఇవతల శాన్ రెమోలో గాని, ఇంకా వెనుక గ్రాంట్‌విల్ వైపు గాని ఉండి రోజూ కారులో వెళ్లి రావడం. డబ్బు కొంత మిగులుతుంది గాని, ద్వీపానికి ఉన్న ఒకే ఒక వంతెన మీద రోజుకు రెండుసార్లు వరుసలో నిలబడవలసి వస్తుంది. మూడవది సర్క్యూట్ ఆవరణలోనే టెంటు వేసుకోవడం. మేము మూడవది ఎంచుకున్నాము. ఆ ఎంపిక మంచిదే గాని, దానికి పూర్తిగా సిద్ధపడి వెళ్లలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మెల్‌బోర్న్ నగరం నడిబొడ్డు నుంచి ఫిలిప్ ఐలండ్ సుమారు 140 కిలోమీటర్లు. మేము పశ్చిమాన టార్నీట్ నుంచి బయలుదేరాము కాబట్టి నగరాన్ని దాటడానికే చాలా సమయం పట్టింది. మొనాష్ ఫ్రీవే, సౌత్ గిప్స్‌ల్యాండ్ హైవే, బాస్ హైవే మీదుగా సాగే ఆ దారి చక్కగా ఉంటుంది, అక్టోబరులో రెండు పక్కలా పచ్చిక పొలాలే. గురువారం మధ్యాహ్నానికి వంతెన దాటగలిగితే ఎక్కడా ఆగే పని ఉండదు. మేము దాటిన గంటకు వచ్చినవారు మాత్రం శాన్ రెమోకు చాలా ముందే ఆగిపోయామని చెప్పారు. బైకుల మీద వచ్చేవారు గుంపులు గుంపులుగా మమ్మల్ని దాటి వెళుతుంటే, కాకినాడలో యమహా ఆర్‌ఎక్స్ 100 నడిపిన రోజులు గుర్తు చేసుకుంటూ మిత్రుడు ప్రతి ఇంజను శబ్దానికీ పేరు చెబుతూ వచ్చాడు. సగం తప్పు చెప్పాడని నా అనుమానం.

ఇక టెంటు సంగతి. ఈ సర్క్యూట్ ద్వీపానికి దక్షిణపు ఒడ్డున, బాస్ జలసంధికి ఎదురుగా ఉంది. నైరుతి నుంచి వచ్చే గాలికి అడ్డుపడే కొండ గాని అడవి గాని మధ్యలో లేదు. ఈ ఒక్క విషయం ముందుగా మనసుకు ఎక్కించుకుంటే తక్కిన నిర్ణయాలన్నీ సులువవుతాయి. మేము మొదట సముద్రం కనిపిస్తుందని కాస్త మెరక మీద చోటు చూసుకున్నాము. అడిలైడ్ నుంచి ఏటా వస్తామన్న ఒక జంట పక్కనే తమ వ్యానును గాలికి అడ్డంగా నిలిపి, దాని చాటున పొట్టి టెంటు వేసుకుంటూ, మా పొడుగాటి టెంటును చూసి ఏమీ అనకుండా నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వుకు అర్థం రాత్రి పదకొండింటికి తెలిసింది. మెల్‌బోర్న్‌లో అద్దెకు తెచ్చిన ఆ టెంటు సంచిలో పద్నాలుగు మేకులు ఉన్నాయని దుకాణం వారు రాసి ఇచ్చారు. లెక్క పెడితే తొమ్మిదే ఉన్నాయి, వాటిలోనూ రెండు వంకర పోయినవి. తీసుకునేటప్పుడు సంచి విప్పి చూసుకోకపోవడం మా తప్పే అయినా, చీటీలో అంకె రాసిన మనిషి కూడా సంచి విప్పి చూడలేదన్నది స్పష్టం. మరునాటి ఉదయం కౌస్‌కు పోయి ఇసుక నేలలో పట్టు నిలిచే పొడవైన మేకులూ, గట్టి తాళ్లూ కొనుక్కొచ్చి, టెంటును పల్లంలోకి మార్చి, కారును గాలి వచ్చే వైపు అడ్డంగా నిలిపాము. ఆ తరువాత రెండు రాత్రులు నిద్ర పట్టింది.

సర్క్యూట్ శిబిరంలో సౌకర్యాలు నేను అనుకున్నదాని కన్నా మెరుగు. మరుగుదొడ్లు రోజంతా శుభ్రం చేస్తూనే ఉన్నారు. వేడినీళ్ల స్నానపు గదుల ముందు ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా పెద్ద వరుస ఉంటుంది, కాని మధ్యాహ్నం ట్రాక్ మీద బైకులు తిరుగుతున్నప్పుడు ఒక్కరూ ఉండరు. మేము శుక్రవారం నుంచి స్నానాన్ని చిన్న ఇంజన్ల తరగతి అయిన మోటో3 ప్రాక్టీస్ వేళకు మార్చుకున్నాము. మోటో3ని ప్రేమించేవారు నన్ను క్షమించాలి. ఫోను సిగ్నలు మాత్రం జనం పెరిగిన కొద్దీ తగ్గిపోయింది, కాబట్టి టికెట్లు, పటాలు, వాతావరణ సూచన ముందే ఫోనులో దింపుకోవడం మేలు. రాత్రి ఒంటిగంట వరకు దూరంగా ఎవరో ఇంజను రేజ్ చేస్తూనే ఉన్నారు, చెవులలో పెట్టుకునే దూది లాంటి బిరడాలు పగలు ట్రాక్ పక్కన ఎంత అవసరమో రాత్రి టెంటులో అంతకన్నా ఎక్కువ అవసరం.

తిండి విషయంలో మిత్రుడికి కష్టమైంది. నవరాత్రులని మాంసం ముట్టడు, అక్కడి బండ్లలో మాంసం లేనివంటే చిప్స్, జున్ను పెట్టి కాల్చిన బ్రెడ్డు, కాఫీ. గురువారం రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర సరిపోయింది. శుక్రవారం పొద్దున గ్యాసు పొయ్యి మీద గోధుమరవ్వ ఉప్మా చేయబోతే గాలికి మంట నిలవలేదు. కారు వెనుక తలుపు ఎత్తి, దాని కింద పొయ్యికి మూడు వైపులా కుర్చీలు అడ్డం పెట్టిన తరువాత గాని నీళ్లు మరగలేదు. మళ్లీ వెళితే పొయ్యికి రేకు తడిక ఒకటి తప్పక తీసుకెళతాను. ఉప్మాలోకి ఆవకాయ చూసి అడిలైడ్ జంట రుచి అడిగారు, శనివారం నాటికి సీసా సగం వాళ్లదైంది.

గురువారం సాయంత్రం సమ్మర్‌ల్యాండ్ బీచ్‌లో పెంగ్విన్లు ఒడ్డుకు వచ్చే దృశ్యం చూడడానికి ముందే టికెట్లు తీసుకున్నాము. సుమారు అడుగు ఎత్తు ఉండే ఆ చిన్న పక్షులు పొద్దు గుంకాక అలల నుంచి గుంపుగా లేచి, కాసేపు తటపటాయించి, బొరియల వైపు నడుస్తాయి. ఫోటోలు తీయనివ్వరు, ఆ నియమం నాకు ఎంతో నచ్చింది, అందరి చేతులూ ఖాళీగా ఉండడం వల్ల అందరూ నిజంగా చూశారు. చలి మాత్రం ఎముకలకు తగులుతుంది, దుప్పటి లేకుండా మెట్ల మీద గంట కూర్చోలేము. తిరిగి వచ్చేటప్పుడు కారు కింద పెంగ్విన్ ఉందేమో వంగి చూసి గాని కదలవద్దని హెచ్చరిక బోర్డులు పెట్టారు. మిత్రుడు రెండుసార్లు చూశాడు. పందేల వారాంతంలో ఈ కార్యక్రమానికి గురువారమే అనువైన రోజు.

ట్రాక్ పొడవు 4.445 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు, వాటిలో ఏడు ఎడమకు, అయిదు కుడికి. అందువల్ల టైరు ఎడమ అంచు కాలిపోతుంటే కుడి అంచు చల్లారిపోతుంది. 2013లో కొత్తగా వేసిన తారు మీద టైర్లు నిలవక, ఏ టైరుతోనూ పది చుట్లకు మించి తిరగరాదని, మధ్యలో బైకు మార్చుకోవాలని నియమం పెట్టి పందేన్ని 19 చుట్లకు కుదించారు. బైకు మార్చుకోవడానికి ఒక చుట్టు ఆలస్యంగా వచ్చినందుకు రైడరు మార్క్ మార్కెజ్‌ను పందెం నుంచి తొలగించారు. మేము గ్రాండ్‌స్టాండు సీటు కొనకుండా పచ్చిక మీద ఎక్కడైనా కూర్చోగల మామూలు టికెట్టే తీసుకున్నాము, అందుకు చింతించలేదు. గార్డ్‌నర్ స్ట్రెయిట్ అనే తిన్నని దారి పక్కన నిలబడితే బైకు కనబడేలోపే దాటిపోతుంది, వేగం తెలుస్తుంది తప్ప పోటీ కనిపించదు. సైబీరియా మలుపు దగ్గర రైడర్లు గాలికి పక్కకు నెట్టుకుపోవడం బాగా కనిపిస్తుంది, అయితే అదే గాలి మన మీదా కొడుతుంది, ఆ పేరు ఎందుకు పెట్టారో అడగనక్కరలేదు. నా మట్టుకు లూకీ హైట్స్ అన్నిటి కన్నా గొప్ప చోటు. బైకులు గుట్ట ఎక్కి, సముద్రం వెనుక తెరలా నిలిచి ఉండగా శిఖరం మీద ఒక్క క్షణం తేలిపోయినట్టు కనిపించి, వెంటనే ఎంజీ అనే మలుపులోకి దిగుతూ బ్రేకులు వేస్తాయి. దాటడానికి ప్రయత్నించేవారు అక్కడే ప్రయత్నిస్తారు. మడత కుర్చీ ఉంటే చాలు, కాని పొద్దున తొమ్మిదికల్లా అది అక్కడ ఉండాలి.

పక్షుల సంగతి కూడా చెప్పాలి. కేప్ బారెన్ బాతులు శిబిరంలో మన చెరువు గట్టున బాతుల్లా నిర్భయంగా తిరుగుతుంటాయి. 2015లో ఆండ్రియా ఇయన్నోనే అనే రైడరు ఇక్కడే పందెం మధ్యలో ఒక సముద్రపు కాకిని తలతో ఢీకొట్టి కూడా మూడవ స్థానంలో ముగించాడు. మిత్రుడు ఆ కథను నమ్మలేదు, ఫోను సిగ్నలు లేక నేను రుజువు చూపలేకపోయాను.

శుక్రవారం మా ప్రణాళిక తలకిందులైంది. ఆదివారం పెనుగాలి వీస్తుందన్న సూచనతో, 27 చుట్ల ప్రధాన పందేన్ని శనివారానికి ముందుకు జరిపి, శనివారం జరగవలసిన, సగం దూరమే ఉండే స్ప్రింట్‌ను ఆదివారానికి మార్చినట్టు ప్రకటించారు. ఆదివారం ఒక్కరోజుకే టికెట్టు కొన్నవారి ముఖాలు చూడలేకపోయాము. శిబిరంలో ఉన్న మాకు మాత్రం నష్టం లేకపోయింది, కుర్చీ ఒకరోజు ముందు వేసుకోవడమే తేడా. మూడు రోజులూ అక్కడే ఉండడం వల్ల కలిగిన అసలు లాభం ఇదేనని నాకు తోస్తుంది.

శనివారం ఎండ కాసింది. పట్టు ఎక్కువే గాని త్వరగా అరిగిపోయే మెత్తని వెనుక టైరుతో బయలుదేరిన రైడరు హోర్హే మార్టిన్ మొదటి నుంచీ ముందుండి, ఒక దశలో చాలా దూరం వెళ్లిపోయాడు. ఎంజీ మలుపులో అతని వెనుక చక్రం చుట్టు చుట్టుకూ ఎక్కువగా జారడం మా కళ్లకే కనిపించింది. "వీడు చివరిదాకా నిలవడు బావా" అని మిత్రుడు అయిదు చుట్ల ముందే అన్నాడు, ఆ ఒక్క జోస్యానికి అతడిని మెచ్చుకోవాలి. చివరి చుట్టులో యోహాన్ జార్కో అతన్ని దాటి, మోటో జీపీలో తన మొదటి విజయం అందుకున్నాడు. బాన్యాయా, డి జనాంటోనియో తరువాతి స్థానాలు తీసుకోగా, అంతసేపు ముందున్న మార్టిన్ అయిదవవాడయ్యాడు. జార్కో వెనుకకు పల్టీ కొట్టినప్పుడు గుట్ట మీద ఎవరి అభిమాని అయినా లేచి చప్పట్లు కొట్టనివారు లేరు.

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి గాలి మొదలైంది. అయిదున్నరకు టెంటు కడ్డీ ఒకటి ఫట్‌మని విరిగి నా భుజం మీద పడింది. "ఇంకాసేపు ఉంటే మన టెంటు కౌస్‌లో దొరుకుతుందిరా" అంటూ మిత్రుడు బయటికి పరుగెత్తి మేకులు పీకుతుంటే, నేను తడిసిన బట్టను చుట్టలేక ముద్దచేసి కారులో కుక్కాను. అడిలైడ్ జంట తమ పొట్టి టెంటులో టీ కాచుకుంటూ మాకు రెండు కప్పులు ఇచ్చారు. ఆ రోజు వానలో మోటో3 పందెం జరిగింది, దెనిజ్ ఒంజూ గెలిచాడు. మధ్య తరగతి అయిన మోటో2 పందేన్ని మధ్యలో ఎర్ర జెండా చూపి ఆపారు. స్ప్రింట్ రద్దయింది. బైకును నిలబెట్టడమే కష్టమైన ఆ గాలిలో రద్దు సరైన నిర్ణయమే, ఆ మాట ఒడ్డున తడుస్తూ నిలబడ్డ నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను.

శిబిరంలో మరొక రాత్రికి మాకు హక్కు ఉన్నా, ఎవరో రద్దు చేసుకున్న గది ఒకటి కౌస్‌లో దొరికితే పోయాము. గది చిన్నది, హీటరు గంటసేపు చప్పుడు చేసిన తరువాత గాని వెచ్చబడలేదు, అయినా అడిగిన ధరకు బేరమాడే స్థితిలో మేము లేము. ఆ రాత్రే తిరుగు ప్రయాణం కట్టినవారు వంతెన దాటడానికి పడిన పాట్లు చూశాక, ఆదివారం రాత్రి ద్వీపంలోనే ఉండి సోమవారం బయలుదేరడం మంచిదనే చెబుతాను. మళ్లీ వెళితే గురువారం నుంచి శనివారం వరకు సర్క్యూట్‌లో పొట్టి టెంటు, ఆదివారం రాత్రికి కౌస్‌లో ముందే మాట్లాడుకున్న గది. ఒక్క రాత్రికి గది ఇచ్చేవారు దొరకాలంటే చాలా నెలల ముందే అడగాలి.

సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి శాన్ రెమో ఒడ్డున గూడకొంగలకు చేపలు వేయడం చూసి, ఖాళీగా ఉన్న దారిలో హాయిగా ఇల్లు చేరాము. అద్దె దుకాణం వారు విరిగిన కడ్డీకి డిపాజిట్టులో సగం పట్టుకున్నారు, లేని అయిదు మేకుల సంగతి ఎత్తితే చీటీ చూపించారు. ఇంటి ముందు మా ఆవిడ ఆయుధ పూజకు పసుపు కుంకుమ, నిమ్మకాయలు సిద్ధం చేసి ఎదురుచూస్తోంది. చక్రాల నిండా అట్టలు కట్టిన ద్వీపపు బురద చూసి, ముందు కారు కడిగి రమ్మని మా ఇద్దరికీ చెరో బకెట్టు ఇచ్చింది.