కోబాల్ ఫైళ్లను మార్చే సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? రికార్డుల సంఖ్య సరిపోయిందని నమ్మి సంతకం పెట్టకండి

మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్‌లోని పాత కోబాల్ (వ్యాపార లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాష) ఫైళ్లను కొత్త లేఅవుట్‌లోకి, అంటే కొత్త ఫీల్డుల అమరికలోకి మార్చి లినక్స్ సర్వర్‌కు తరలించే సాఫ్ట్‌వేర్‌ను కొనబోతున్నవారు డబ్బు చెల్లించే ముందు ఇది పూర్తిగా చదవాలని కోరుతున్నాను. బీమా రంగంలోని మా సంస్థ కొన్న అటువంటి సాఫ్ట్‌వేర్ ఒకటి గ్రూప్ పాలసీల ప్రీమియం మొత్తాలను మార్చేసింది. ఎక్కడా ఎర్రర్ రాలేదు, ఏ జాబ్ మధ్యలో ఆగలేదు, చివరికి రికార్డుల సంఖ్య కూడా సరిపోయింది. అమ్మిన కంపెనీ పేరు రాయడం లేదు; ఇదే లోపం ఇంకెవరి సరుకులోనైనా ఉండవచ్చు కనుక, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియడమే కొనేవారికి ఎక్కువ అవసరం.

కాపీబుక్ (రికార్డులోని ఫీల్డుల పేర్లు, పొడవులు, రకాలు రాసిన కోబాల్ వివరణ) ఇస్తే చాలు, ఏ ఫీల్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సాఫ్ట్‌వేరే చదువుకొని మారుస్తుందని అమ్మకందారు చెప్పారు. డెమోలో వ్యక్తిగత పాలసీల ఫైల్‌ను మార్చి చూపించారు, అది సక్రమంగానే వచ్చింది. మా అసలు ఫైల్‌లో మాత్రం రికార్డు రకాన్ని చెప్పే ఒక అక్షరం ఉంటుంది. దాన్ని బట్టి తరువాతి బైట్లను వ్యక్తిగత పాలసీగానో, రీడిఫైన్స్ (అవే బైట్లకు మరో నిర్వచనం ఇచ్చే కోబాల్ పదం) కింద రాసిన గ్రూప్ పాలసీగానో చదవాలి. ఆ సాఫ్ట్‌వేర్ మొదటి నిర్వచనాన్ని మాత్రమే పట్టించుకుంది. మొదటి నిర్వచనంలో పేరు, చిరునామా ఉన్న చోటే గ్రూప్ పాలసీకి ప్యాక్డ్ డెసిమల్‌లో (అంకెలను కుదించి రాసే పద్ధతిలో) ప్రీమియం ఉంది. సాఫ్ట్‌వేర్ ఆ బైట్లను కూడా అక్షరాలనే అనుకొని మెయిన్‌ఫ్రేమ్ అక్షర సంకేతాలైన ఎబ్సిడిక్ నుంచి లినక్స్ వైపు వాడే ఆస్కీకి మార్చింది.

దాని ఫలితం ఎంత ప్రమాదకరమో ఒక ఫీల్డును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పిక్ ఎస్9(7)వి99 కాంప్-3 అని, అంటే గుర్తుతో పాటు రూపాయలకు 7, పైసలకు 2 అంకెలు ఉండే ప్యాక్డ్ డెసిమల్‌గా రాసిన ఫీల్డు 5 బైట్లు తీసుకుంటుంది. ఒక్కో బైట్‌లో రెండేసి అంకెలు, చివరి సగం బైట్‌లో గుర్తు ఉంటాయి. అందులో 400 రూపాయలు, బైట్లను హెక్సాడెసిమల్‌లో రాస్తే, 00 00 40 00 0సి అని ఉంటాయి; చివరి సి ప్లస్ గుర్తు. ఎబ్సిడిక్‌లో 40 అంటే ఖాళీ అక్షరం, ఆస్కీలో ఖాళీ అక్షరం 20. అందువల్ల మార్పిడి తరువాత ఆ ఫీల్డు 00 00 20 00 0సి అయింది, అంటే 200 రూపాయలు. ఇదీ సరైన ప్యాక్డ్ డెసిమలే కాబట్టి కోబాల్ ప్రోగ్రాం దాన్ని ఏ అభ్యంతరమూ లేకుండా కూడికలు, తీసివేతలలో వాడుకుంటుంది. అదే విధంగా సాధారణ 037 కోడ్ పేజీ (ఎబ్సిడిక్ అక్షరాల పట్టిక) ప్రకారం 32 అనే బైట్ 16గా, 37 అనే బైట్ 04గా మారుతాయి కనుక 320 రూపాయలు 160 అయ్యాయి, 370 రూపాయలు 40 అయ్యాయి. చెల్లని అంకె వచ్చి మెయిన్‌ఫ్రేమ్‌లో ఎస్0సి7 అబెండ్ అయినా, అంటే ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయినా మేలే, కనీసం ఏదో తప్పు జరిగిందని తెలుస్తుంది. ఈ మొత్తాల్లో ఆ అవకాశమే లేదు.

నిజానికి ఒక తప్పు మొదట్లోనే బయటపడింది. 250 రూపాయల ప్రీమియంలో ఉండే 25 అనే బైట్ ఆస్కీలో 0ఎ అవుతుంది, అది కొత్త లైన్ గుర్తు. సాఫ్ట్‌వేర్ ఫైల్‌ను లైన్ల వారీగా రాసేది కాబట్టి అటువంటి రికార్డులన్నీ రెండు ముక్కలై, రికార్డుల సంఖ్య పెరిగింది. ఫిర్యాదు చేయగానే అమ్మకందారు త్వరగా ఒక ప్యాచ్ పంపించారు. రికార్డు మధ్యలో కొత్త లైన్ గుర్తు వస్తే దాని స్థానంలో ఖాళీ అక్షరం పెట్టడమే ఆ ప్యాచ్ చేసిన పని. ఆస్కీ ఖాళీ అక్షరం 20 కనుక 250 రూపాయలు కూడా 200 అయ్యాయి. రికార్డుల సంఖ్య సరిపోయింది, సమస్య తీరిందని వారు లేఖ పంపారు. కారణాన్ని వెతకకుండా లక్షణాన్ని మాత్రమే కప్పిపెట్టిన ఈ ప్యాచ్‌నే నేను అన్నిటికంటే తీవ్రంగా తప్పుపడతాను, ఎందుకంటే లోపాన్ని చూపించేందుకు అప్పటికి ఉన్న ఒకే ఒక ఆధారాన్ని అది చెరిపేసింది.

గ్రూప్ పాలసీల ప్రీమియం మొత్తం మెయిన్‌ఫ్రేమ్, లినక్స్ రెండు వైపులా వేర్వేరుగా రావడంతో చివరకు విషయం తెలిసింది. డబ్బు వాపసు అడిగితే, ఒప్పందం ప్రకారం అంగీకార పరీక్ష అంటే రికార్డుల సంఖ్య, రికార్డు పొడవు సరిపోవడమేనని, అవి రెండూ సరిపోయాయని జవాబిచ్చారు. ఒప్పందంలో అలాగే రాసి ఉంది. బైటుకు బైటు మార్చే పద్ధతిలో పొడవు ఎలాగూ మారదు. సమాచారం ఎంత పాడైనా ఆ పరీక్ష నెగ్గుతుంది.

కనుక కొనేవారు డెమోకు మీ సొంత ఫైల్‌నే ఇవ్వండి, అందులో ప్రతి రికార్డు రకం ఉండేలా చూడండి. రీడిఫైన్స్, అకర్స్ డిపెండింగ్ ఆన్ (మరో ఫీల్డును బట్టి వరుసల సంఖ్య మారే పట్టిక) ఉన్న రికార్డులను అడిగి మరీ చేయించుకోండి. ప్రతి అంకెల ఫీల్డుకూ, ప్రతి రికార్డు రకానికీ విడివిడిగా మొత్తం, కనిష్ఠం, గరిష్ఠం రెండు వైపులా సరిపోవాలని ఒప్పందంలో రాయించండి. మెయిన్‌ఫ్రేమ్ వైపు ఫైళ్లను క్రమపరిచే సాఫ్ట్‌వేర్ డీఎఫ్‌సార్ట్‌లోని ఐస్‌టూల్‌తో ఈ లెక్కలు తేలికగా తీయవచ్చు. రుణాత్మక మొత్తాలను కూడా తప్పక పరీక్షించండి: డిస్‌ప్లే ఫీల్డులో (ఒక్కో అంకెకు ఒక్కో బైట్ వాడే ఫీల్డులో) మైనస్ 123.45 అన్నది ఎబ్సిడిక్ పద్ధతిలో చివరి 5, మైనస్ గుర్తు కలిసిన ఎన్ అక్షరంతో 001234ఎన్ అని ఉంటుంది, లినక్స్‌లో వాడే కోబాల్ కంపైలర్ గ్నూకోబాల్ మామూలుగా అక్కడ చిన్న యు అక్షరాన్ని ఆశిస్తుంది. కొత్త లేఅవుట్‌లో ఫీల్డు చిన్నదైతే, విలువను ఒక ఫీల్డు నుంచి మరో ఫీల్డుకు కాపీ చేసే మూవ్ స్టేట్‌మెంట్ ఎడమవైపు అంకెలను చెప్పకుండా వదిలేస్తుందనీ, 1,25,000 రూపాయలు ఎస్9(5)వి99లోకి వెళితే 25,000 మాత్రమే మిగులుతాయనీ గుర్తుంచుకోండి. పేర్ల ఫీల్డులో కత్తిరింపు కుడివైపు జరుగుతుంది. ఇంటిపేరుతో మొదలుపెట్టి పూర్తిగా రాసుకునే మన పేర్లలో అసలు పేరే తెగిపోవచ్చు.

మేము ఆ సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టి, మెయిన్‌ఫ్రేమ్‌లోనే ఒక చిన్న కోబాల్ ప్రోగ్రాం రాసుకున్నాము. అది రికార్డు రకాన్ని చూసి, ఒక్కో ఫీల్డును విడిగా మూవ్ చేస్తూ, అంకెలన్నిటినీ సైన్ లీడింగ్ సెపరేట్ (ప్లస్, మైనస్ గుర్తును ముందు విడి అక్షరంగా రాయడం) ఉన్న డిస్‌ప్లే ఫీల్డుల్లోకి మారుస్తుంది. ఫీల్డులన్నీ కలిపి ఒక గ్రూప్‌గా ఒకేసారి మూవ్ చేస్తే అక్షరాలుగానే కాపీ అవుతుంది కాబట్టి ఆ దారి పనికిరాదు. 5 బైట్ల ప్రీమియం 10 బైట్లు అవుతుంది, దాని తరువాతి ఫీల్డులన్నీ జరుగుతాయి, రికార్డు పొడవు పెరుగుతుంది. కానీ ఆ తరువాత ఫైల్‌లో ఉన్నవన్నీ నిజంగా అక్షరాలే కనుక ఎబ్సిడిక్ నుంచి ఆస్కీకి మార్చినా ఒక్క రూపాయి తేడా రాదు. అసలు ఫైల్‌ను బైనరీ మోడ్‌లో దింపి అట్టే పెట్టడం వల్లనే ఈ పని మళ్లీ మొదటినుంచి చేయగలిగాము. రికార్డు రకాల వారీగా మొత్తాలు సరిపోయే వరకు ఆ ఫైల్‌ను ఎవరు అడిగినా తొలగించవద్దు, అమ్మకందారుకు చివరి వాయిదా చెల్లించవద్దు.