‘హోలిస్టిక్ పెయిన్ ప్యాకేజీ’ అంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్ల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా నడుం నొప్పి చూపిద్దామని అమ్మానాన్నల్ని ఊరి నుంచి పిలిపిస్తున్నవాళ్లు చదవండి.

అమ్మకి ఏళ్ల తరబడి నడుం నొప్పి. "మందుల్లేవు, ఆపరేషన్ లేదు, మనిషిని మొత్తంగా చూసి చేత్తోనే తగ్గిస్తాం" అంటే ఒక సెంటర్‌కి తీసుకెళ్లాం. పేరు రాయట్లేదు, ఫిర్యాదు నడుస్తోంది. ప్లాస్టిక్ వెన్నెముక పట్టుకుని ఒకబ్బాయి వచ్చి "నడుం పూసలు ఎల్4, ఎల్5 జరిగిపోయాయి మేడమ్" అనేశాడు. ఎంఆర్ఐ కవరు ఇంకా నా చంకలోనే ఉంది! నిద్ర పడుతోందా, షుగర్ ఉందా, ఏం మాత్రలు వాడుతున్నారు... ఒక్క ముక్క అడిగితే ఒట్టు. ఈఎంఐ కావాలా అని మాత్రం రెండుసార్లు అడిగారు. 20 సిట్టింగులకి 46 వేలు, మొత్తం ముందే కట్టాలి.

అమ్మకి ఎముకలు గుల్లబారాయని వారానికో మాత్ర నడుస్తోంది. అడిగి ఉంటే చెప్పేవాళ్లమే. పక్కకి పడుకోబెట్టి, భుజం ఒకవైపు, తుంటి ఇంకోవైపు తిప్పి ఒక్క కుదుపు కుదిపారు. టక్‌మంది. "చూశారా, సెట్ అయింది" అన్నారు. ఏదీ సెట్ అవ్వదండీ. కీలు ద్రవంలో గాలిబుడగ ఏర్పడినప్పుడు వచ్చే చప్పుడది, వేళ్లు విరుచుకుంటే వచ్చేదే. ఆ రాత్రి అమ్మ పక్క మీద ఇటు నుంచి అటు తిరగలేకపోయింది. ఆర్థోపెడిక్ డాక్టరు ఎక్స్‌రే తీయించి, అదృష్టం బాగుండి ఫ్రాక్చర్ కాలేదన్నారు. ఇలాంటి ఎముకలున్నవాళ్లకి ఆ కుదుపులు చేయకూడదని గట్టిగా చెప్పారు.

చేత్తో చేసే వైద్యమే దండగ అనట్లేదు. ఇప్పుడు అమ్మని చూస్తున్న ఫిజియోథెరపిస్టు కూడా చేత్తో వదులు చేస్తారు. కానీ ఆ ఉపశమనం కాసేపే, ఆ కాసేపట్లో కదలడం అలవాటు చేయాలి అంటారు. వంగితే ఏమవుతుందోనన్న భయం గురించీ, రాత్రి నిద్ర గురించీ అడుగుతారు. ఏ పూటకాపూట ఫీజు. ఇక్కడి ప్రభుత్వ మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇంటిగ్రేటివ్ మెడిసిన్ విభాగం కూడా ఉంది, అక్కడ యోగా, ఆయుర్వేదం ఆధునిక వైద్యంతో కలిపి చూస్తారు.

కర్ణాటకలో ఫిజియోథెరపీ సెంటర్లకి కేపీఎంఈ (కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల) చట్టం, 2007 కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ కనబడేలా పెట్టాలి. మేం వెళ్లినచోట గోడనిండా వీకెండ్ కోర్సుల ఫ్రేములే, ఇదొక్కటీ లేదు. కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం మీద పట్టు తప్పుతున్నా ఏ థెరపీ సెంటర్‌కీ వద్దు, నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

రసీదు మీద "నాన్ రిఫండబుల్" అని కొట్టి ఇచ్చారు. అది చూసి డబ్బు వదిలేసుకోకండి. సేవలో లోపం ఉండీ డబ్బు తిరిగివ్వకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. ఇలాగే ఇరుక్కున్నవాళ్లు రసీదు, వాట్సాప్ చాట్ జాగ్రత్త చేసుకుని నాకు మెసేజ్ పెట్టండి, నేను రాసిన ఫిర్యాదు కాపీ పంపిస్తాను.