పూల లోయలో యూవీ ఫొటోలు: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

ఉత్తరాఖండ్‌లోని పూల లోయకు ఎప్పుడు వెళ్లాలని ఎవరిని అడిగినా ఆగస్టనే చెబుతారు. మామూలు కెమెరా పట్టుకెళ్లేవాళ్లకు అది సరైన సలహానే. అతినీలలోహిత కాంతిలో, అంటే యూవీలో, ఫొటోలు తీయాలంటే మాత్రం నా ఓటు జూన్ చివరికే. ఆగస్టులో కాశీతుంబ జాతి పూలు లోయ నిండా గులాబీ రంగు పరుస్తాయి గానీ మబ్బు వదలదు. ఈ పనికి కావలసింది ఎండ. వెయ్యి మీటర్లు ఎక్కితే యూవీ సుమారు 10 శాతం పెరుగుతుంది కాబట్టి ఆ ఎత్తులో ఎండ కాసిందంటే పండగే.

డిజిటల్ కెమెరా సెన్సర్ ముందు యూవీని ఆపే ఫిల్టర్ ఉంటుంది. దాన్ని తీయించిన పాత కెమెరా, ఎన్‌లార్జర్ల (ఫిల్ము నుంచి పెద్ద ఫొటోలు ముద్రించే యంత్రాల) కోసం చేసిన ఎల్-నిక్కోర్ 80 ఎంఎం లెన్సు, యూవీని మాత్రమే లోపలికి వదిలే బాడర్ యూ ఫిల్టర్, ఇదీ నా సరంజామా. ఎన్నో గాజు పలకలు, కోటింగులు ఉన్న కొత్త లెన్సులు ఎంత ఖరీదైనవైనా యూవీని చాలావరకు మింగేస్తాయి.

ఊటల పక్క తడి నేలలో మార్ష్ మేరిగోల్డ్ దొరికింది. మామూలు ఫొటోలో నిగనిగలాడే పసుపు, అంచు నుంచి నడుమ దాకా ఒకటే రంగు. యూవీలో అదే పువ్వుకు అంచులు తెల్లగా, మధ్యలో నల్లటి మచ్చ! రేకల మొదళ్లలోని వర్ణకాలు యూవీని పీల్చుకుంటాయి, కొసలు వెనక్కి పంపేస్తాయి. తేనెటీగ చూపు 300 నుంచి 650 నానోమీటర్ల దాకా ఉంటుంది కనుక ఎక్కడ వాలాలో దానికి దూరం నుంచే తెలిసిపోతుంది. అందరూ నీలి గసగసాల పువ్వు కోసం ఎగబడతారు గానీ, మీరు పసుపు పూల మీద దృష్టి పెట్టండి. పొటెంటిల్లాల్లో, చేమంతి కుటుంబంలో ఇలాంటి మచ్చలు తరచూ కనిపిస్తాయి.

ఫిల్టర్ పెట్టాక స్క్రీన్ దాదాపు చీకటే. ఎండలో కూడా అర సెకను ఎక్స్‌పోజర్ పడుతుంది, ఆలోగా పువ్వు ఊగితే ఫొటో పోయినట్టే. కోసుకెళ్లి గదిలో తీద్దామంటే అది నేషనల్ పార్కు, కోయకూడదు. గాలికి గొడుగు అడ్డంపెట్టి ఓపిగ్గా కూర్చోవడమే.

గేటు ఉదయం 7కి తీస్తారు, సాయంత్రం 5లోగా బయటికి రావాలి, లోపల బస లేదు. ట్రైపాడ్‌తో ఎక్కేసరికే తొమ్మిది దాటుతుంది, మధ్యాహ్నానికి మబ్బు. ఒక్కపూట చూపించే ప్యాకేజీలు దండగ. లోయకు దగ్గరి ఊరు ఘంగారియాలో కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. అక్కడి జీఎంవీఎన్ (ప్రభుత్వ పర్యాటక సంస్థ) గెస్ట్‌హౌస్‌ను ముందే బుక్ చేసుకోవాలి. నేను దిగిన ప్రైవేటు లాడ్జిలో గోడలు చెమ్మ, వేడినీళ్ల బకెట్‌కు వేరే డబ్బు, రాత్రి తొందరగా జనరేటర్ ఆపేశారు. పవర్‌బ్యాంకు, లెన్సు సంచిలో సిలికా జెల్ తప్పనిసరి. కింద రోడ్డు మీదున్న గోవింద్‌ఘాట్ గురుద్వారాలో బస, లంగర్ భోజనం ఉచితం, కానీ సామాను పరిచి సర్దుకునేంత చోటు దొరకదు. నడక మొదలయ్యే పుల్నా దగ్గర పోర్టర్‌ను పెట్టుకోవడం మాత్రం పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసింది. రేటు ముందే మాట్లాడుకోండి.

బదరీనాథ్ యాత్రకు వచ్చే మనవాళ్లు ఎలాగూ గోవింద్‌ఘాట్ మీదుగానే వెళ్తారు. లోయకు టైము లేకపోతే బదరీనాథ్ నుంచి మాణా ఊరు దాటి వసుధార జలపాతం వైపు నడవండి. పూల రకాలు తక్కువే గానీ, గేటు టైము టెన్షన్ ఉండదు, ఎండ వచ్చేదాకా ఆగొచ్చు.