కొబ్బరి పొట్టు గ్రో బ్యాగులు: పాలీహౌస్‌లో వాడి చూశాక

పాలీహౌస్‌లో క్యాప్సికం, కీరదోస వేసే రైతును కొన్ని పంటలు గడిచేసరికి మట్టే ఇబ్బంది పెట్టడం మొదలుపెడుతుంది. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, వరి ఊక కలిపి పోసిన బెడ్లు మొదట్లో ఎంత బాగా పనిచేసినా, అదే పంటను పదేపదే వేయడం వల్ల వేళ్లను ముడులు కట్టించే నులిపురుగులు అందులో స్థిరపడిపోతాయి. ఆ తర్వాత ఫార్మాలిన్ పోసి శుద్ధి చేయడమో, ట్రాక్టర్ల కొద్దీ పాత మట్టిని ఎత్తిపోసి మరెక్కడి నుంచో కొత్త మట్టిని తవ్వి తేవడమో తప్పదు. చేవెళ్ల వైపు ఉన్న మా ఎకరం పాలీహౌస్‌లో ఈ పనికి స్వస్తి చెప్పాలని బెడ్లు తీసేసి కొబ్బరి పొట్టు గ్రో బ్యాగులు పెట్టాము. వ్యర్థం లేని సాగుకు పనికొచ్చే సరుకుగా వీటిని అమ్ముతున్నారు కాబట్టి, దిగుబడి సంగతి కంటే ఆ మాట ఎంతవరకు నిజమన్న దాని మీదనే ఈ సమీక్ష రాస్తున్నాను.

కొబ్బరి డొక్క నుంచి పీచు తీయగా మిగిలేదే ఈ పొట్టు. డొక్క బరువులో సుమారు 30 శాతం పీచు, మిగతా 70 శాతం పొట్టు కాబట్టి, పీచు మిల్లుల పక్కన ఇది ఒకప్పుడు కొండల్లా పేరుకుపోయేది, లేదా తగలబడేది. ఆ పొట్టును కడిగి, ఆరబెట్టి, పలకలుగా నొక్కి, పైన తెలుపు లోపల నలుపు ఉండే పాలిథిన్ తొడుగులో పెట్టి గ్రో బ్యాగుగా పంపుతారు. నీరు పెట్టగానే పలక ఉబ్బి మీటరు పొడవున్న మెత్తని దిండులా తయారవుతుంది. ఒక్కో దానిలో మూడు నాలుగు మొక్కలు పెట్టుకోవచ్చు. యూరప్ గ్రీన్‌హౌసుల్లో మట్టికి బదులు ఎక్కువగా వాడే రాక్‌వూల్‌ను రాతిని 1500 డిగ్రీల దగ్గర కరిగించి తీస్తారు, పంట అయ్యాక అది మట్టిలో కలవదు. ఆ లెక్కన చూస్తే పారేసే సరుకు నుంచి పుట్టి చివరకు మట్టిలో కలిసిపోయే కొబ్బరి పొట్టుకు మొదటి మార్కులు వేయక తప్పదు.

పని తీరులో ఫిర్యాదు చేయడానికి పెద్దగా ఏమీ లేదు. తన బరువుకు ఎనిమిది రెట్లు నీటిని పట్టి ఉంచుతూనే వేళ్లకు గాలి ఆడనిస్తుంది కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో మోటారు ఒక పూట ఆలస్యమైనా మొక్క వెంటనే వాలిపోదు. తొడుగు బయటి తెలుపు కూడా అలంకారం కాదు. పూర్తిగా నల్లగా ఉండే చవక సంచుల్లో ఎండాకాలం వేళ్ల దగ్గర వేడి ఎంత ఉంటుందో మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూస్తే చాలు. నులిపురుగుల బెడద మాకు పోయింది. దాని స్థానంలో నాటిన రంధ్రాల చుట్టూ పచ్చని పాచి, దాని మీద వాలే చిన్న నల్ల దోమలు వచ్చాయి గానీ, పసుపు జిగురు అట్టలతోనూ నీటి తడులు తగ్గించడంతోనూ వాటిని అదుపులో ఉంచవచ్చు.

కొనేటప్పుడు అసలు జాగ్రత్త పడవలసింది ఉప్పు దగ్గర. కొబ్బరి పొట్టులో పొటాషియం, సోడియం, క్లోరైడు సహజంగానే ఎక్కువ. పైగా డొక్కను ఉప్పునీటిలో నానబెట్టి ఉంటే అవి మరింత పెరుగుతాయి. కడిగిన పొట్టు ఈసీ (ఉప్పు ఎంత ఉందో చెప్పే కొలత) 0.5 లోపు ఉండాలని అందరూ అంటారు, లేబుల్ మీద కూడా అదే అంకె వేస్తారు. మాకు వచ్చిన ఒక లోడులో మాత్రం ఈసీ మీటరు దానికి రెట్టింపు పైనే చూపించింది. అడిగితే ఆ వ్యాపారి ‘రెండు తడులు ఎక్కువ పెట్టండి సార్, అదే పోతుంది’ అని తేలికగా చెప్పేశాడు. తడులు ఎక్కువ పెడితే పోయే మాట నిజమే. అయితే ఆ కడుగునీరంతా మా బోరు పక్కన నేలలోకే దిగుతుంది కదా! అందుకే లోడు దింపుకోకముందే నాలుగు సంచులు విప్పించి, ఒక వంతు పొట్టుకు ఒకటిన్నర వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, కాసేపు ఆగి వడకట్టి మీటరు ముంచి చూడడం మంచిది. బ్యాటరీల్లో పోయడానికి కొనే నీరు దీనికి సరిపోతుంది.

కడిగినంత మాత్రాన పని పూర్తి కాదు. పొట్టు రేణువులను పట్టుకుని ఉన్న పొటాషియం, సోడియం ఉత్త నీటికి వదలవు. క్యాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టినప్పుడే క్యాల్షియం వాటిని తోసేసి ఆ చోటును ఆక్రమిస్తుంది. ఈ బఫరింగ్ జరగని పొట్టులో మొక్క నాటితే, మనం ఎరువులో ఇచ్చే క్యాల్షియాన్ని మొదటి వారాల్లో పొట్టే మింగేస్తుంది, క్యాప్సికం కాయ అడుగున నల్లగా కుళ్లిన మచ్చ పడుతుంది. అలా ఏరి పారేసిన కాయలు కూడా వ్యర్థమే కాబట్టి, ధర ఎక్కువైనా బఫర్ చేసిన రకాన్నే తీసుకోమంటాను.

ఇక డ్రెయిన్ నీటి సంగతి. సంచిలో ఉప్పు పేరుకోకుండా ఉండాలంటే ఇచ్చిన నీటిలో 20 నుంచి 30 శాతం అడుగు నుంచి బయటకు పోవాలి. ఎకరానికి పదివేల క్యాప్సికం మొక్కలు, మొక్కకు రోజుకు రెండు లీటర్లు అనుకుంటే, పావు వంతు పోయినా రోజుకు 5,000 లీటర్ల ఎరువు నీరు అది. నత్రజని, పొటాష్ కలిసిన ఆ నీటిని కాలువలోకి వదిలేసి, ఇది పర్యావరణహిత సాగు అని చెప్పుకోవడం నాకు మింగుడుపడదు. నెదర్లాండ్స్ గ్రీన్‌హౌసులకు 2027 నాటికి పోషకాలు, పురుగుమందులు బయటకు పోవడాన్ని దాదాపు సున్నాకు తేవాలని లక్ష్యం పెట్టారు. అక్కడ డ్రెయిన్ నీటిని పోగుచేసి, అల్ట్రావయొలెట్ దీపాల కింద శుద్ధి చేసి మళ్లీ అదే పంటకు ఇస్తారు. శుద్ధి చేయకుండా తిప్పితే ఒక మొక్క వేరుకుళ్లు అన్ని వరసలకూ పాకుతుంది. ఉప్పులు ఎక్కువున్న మన బోరు నీటితో అయితే సోడియం తిరిగే కొద్దీ పేరుకుపోతుంది. అంత యంత్రాంగం పెట్టలేని మేము సంచుల కింద వాలుగా రేకు కాలువలు వేసి, నీటిని ఒక తొట్టిలోకి మళ్లించి, మామూలు నీరు కలిపి, బయట వేసిన నేపియర్ గడ్డికి, మునగకు పెడుతున్నాము. గడ్డికి విడిగా యూరియా వేయడం మానేశాము. గ్రో బ్యాగులు అమ్మేవారెవరూ ఈ కాలువలు, తొట్టి ఖర్చును తమ కొటేషన్‌లో చూపించరు. ఇది వారి అందరి మీదా నాకున్న ఫిర్యాదు.

సంచి అడుగున కోసే గాటు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, డ్రెయిన్ అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. పొట్టు పూర్తిగా నాని ఉబ్బిన తర్వాతే, కాలువ వాలు వైపు, సంచి అంచుకు ఆనుకుని, రెండు మొక్కల మధ్యలో కోయాలి. గాటు పైకి జరిగితే దాని కింద నీరు నిలిచి ఆ మూల వేళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి.

పొట్టు రెండు మూడేళ్లకు మెత్తబడి గాలి ఆడడం తగ్గుతుంది, అప్పుడు మార్చాలి. దీన్ని తోటలో పరచవచ్చు, నర్సరీ మిశ్రమంలో కలపవచ్చు, కంపోస్టు చేయవచ్చు. అయితే త్వరగా కుళ్లని లిగ్నిన్ ఎక్కువగా, నత్రజని చాలా తక్కువగా ఉండే సరుకు కాబట్టి కుప్ప పోసి వదిలేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. టన్నుకు 5 కిలోల యూరియా, ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం పొరలు పొరలుగా చల్లి తడి ఆరకుండా చూస్తే కుళ్లుతుంది. కాయిర్ బోర్డు కూడా ఈ జాతి శిలీంధ్రంతోనే ‘పిత్‌ప్లస్’ అనే కల్చర్‌ను తయారుచేసి ప్రచారం చేస్తోంది. వేరుకుళ్లు వచ్చిన వరసల పొట్టును మాత్రం నర్సరీ వైపు పోనివ్వకూడదు.

తొడుగు దగ్గర ఈ సరుకు పూర్తిగా తేలిపోతుంది. పాత సంచులను చీల్చి చూస్తే పాలిథిన్ లోపలి పక్క అంతా వేళ్లు అల్లుకుని, పొట్టు అంటుకుని ఉంటుంది. దాన్ని గీకి కడిగి ఇస్తే తప్ప పాత ప్లాస్టిక్ కొనేవాడు తీసుకోడు, ఆ కూలి ఖర్చు వాడిచ్చే డబ్బుకు మించిపోతుంది. పాలీహౌస్ కప్పు మీది 200 మైక్రాన్ల షీటును మార్చినప్పుడు శుభ్రంగా చుట్టి ఇస్తే అదే మనిషి బేరమాడి మరీ పట్టుకెళతాడు.

అందువల్ల తర్వాతి విడతకు మేము తొడుగు సంచులు తెప్పించడం లేదు. నీటిలో 70 లీటర్లకు పైగా ఉబ్బే 5 కిలోల పొట్టు ఇటుకలు కొని, ఏళ్ల తరబడి ఉండే గట్టి ప్లాస్టిక్ తొట్టెల్లో నింపుకుంటాము. మొదటి పెట్టుబడి ఎక్కువే అయినా మూడేళ్లకోసారి చెత్తయ్యే పాలిథిన్ ఉండదు. ఇటుకలు తమిళనాడులోని పొళ్లాచ్చి నుంచే రానక్కరలేదు, కోనసీమవి వస్తే లారీ దూరం బాగా తగ్గుతుంది. మాకు అక్కడ దొరికినవి కడిగినవే తప్ప బఫర్ చేసినవి కావు కాబట్టి, క్యాల్షియం నైట్రేట్‌లో నానబెట్టే పని మనమే చేసుకోవాలి. పొట్టును వేసుకోవడానికి బయట సొంత పొలం లేనివారు, డ్రెయిన్ నీటికి తొట్టి కట్టుకోలేనివారు మాత్రం నులిపురుగులను తట్టుకునే వేరుమూలం మీద అంటుకట్టిన నారుతో మట్టి బెడ్లలోనే కొనసాగడం మేలు.