ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు రెండు పాడ్‌కాస్ట్‌లు

బీబీసీ వారి ‘1800 సెకండ్స్ ఆన్ ఆటిజం’ను నడిపిన రాబిన్ స్టీవార్డ్, జేమీ నైట్ ఇద్దరూ ఆటిజం ఉన్నవారే కాబట్టి, చప్పుళ్లు, వెలుతురు, జనసమ్మర్దం తమకు ఎలా అనుభవమవుతాయో వారే స్వయంగా చెబుతారు, చెవులు మూసుకుని ఏడ్చే బిడ్డను మొండితనమని మందలించే ముందు ఆ మాటలు వినడం ఎంతో అవసరం. అందుకే బిడ్డకు ఆటిజం ఉందన్న నిర్ధారణ కొత్తగా విన్నవారికి నేను దీనినే ముందు సూచిస్తాను. అమెరికా నుంచి వెలువడే ‘యునీక్లీ హ్యూమన్’లో, దశాబ్దాలుగా పిల్లల సంభాషణా సామర్థ్యంపై పనిచేసిన బ్యారీ ప్రిజాంట్, ఆటిజం ఉన్న డేవ్ ఫించ్‌తో కలిసి అతిథులతో సంభాషిస్తారు. ప్రవర్తనను మాన్పించబోయే ముందు ‘ఎందుకు’ అని అడగమనే ప్రిజాంట్ దృక్పథం బడి, చికిత్సల విషయంలో ఎక్కువ ఉపకరిస్తుంది. రెండూ ఇంగ్లీషులోనే ఉన్నందున, ఇంట్లోని అమ్మమ్మ తాతయ్యలకు మనమే తెలుగులో విడమరచి చెప్పవలసి ఉంటుంది.